ఊపిరితిత్తి చుట్టూ టాల్క్ పౌడర్ చల్లించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? పదిహేను ఇరవయ్యేళ్ల తర్వాత ఎలా ఉంది?

కాకినాడ_కాజా
అందరికీ నమస్తే అండి. మా తమ్ముడికి 22, ఆరడుగుల పైనే ఉంటాడు, మనిషి చీపురుపుల్ల. పోయిన దసరాకి ఎడమవైపు ఊపిరితిత్తి ముడుచుకుపోయింది, న్యూమోథొరాక్స్ అన్నారు. దెబ్బ తగల్లేదు ఏం లేదు, మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే ఒక్కసారి పొడిచినట్టు నొప్పి వచ్చిందంట. పక్కటెముకల మధ్య గొట్టం వేసి, కింద నీళ్ల డబ్బాలో బుడగలు ఆగేదాకా ఐదు రోజులు ఉంచి పంపేశారు. గండం గడిచిందిలే అనుకున్నాం. మొన్న మళ్లీ అదే వైపు. ఇప్పుడు సర్జన్ గారు కీహోల్ ఆపరేషన్ (చిన్న రంధ్రాల్లోంచి చేసేది) చేసి పైన ఉన్న గాలి బుడిపెలు కత్తిరించి, లోపల టాల్క్ చల్లేస్తాం, ఊపిరితిత్తి ఛాతీ గోడకి అతుక్కుపోతుంది, ఇంక ముడుచుకోదు అంటున్నారు. ప్లూరోడెసిస్ అంటారంట.

టాల్క్ అంటే బేబీ పౌడర్లో ఉండేదే కదండి, దాంతో క్యాన్సర్ అని అమెరికాలో కేసులు మీద కేసులు, టీవీలో చూశాం. నాన్నగారు లేరు, సంతకం పెట్టాల్సింది నేనే. వాడికి ఇంకో యాభై ఏళ్ల జీవితం ఉంది, రేపు ఏదైనా అయితే ఆ కాగితం మీద ఉన్నది నా సంతకమే కదా. చేయించుకుని చాలా ఏళ్లయినవాళ్లు చెప్పండి ప్లీజ్. వారం టైం ఇచ్చారు.

లంక_గాలి
తమ్ముడూ, నాకు 2003లో చేశారు. అప్పుడు నాకు 24, నేనూ మీ తమ్ముడి టైపే, కొబ్బరిచెట్టంత పొడుగు. కుడివైపు మూడుసార్లు వచ్చాక చేశారు. ఇప్పటిదాకా ఆ వైపు మళ్లీ రాలేదు. అబద్ధం చెప్పను, మొదటి రెండు రోజులు నరకం, పౌడర్ పడ్డ రాత్రి చలిజ్వరం వచ్చి వణికిపోయాను, ఊపిరి తీస్తే లోపల ఎవరో ఉప్పుకాగితం పెట్టి రుద్దుతున్నట్టు ఉండేది. నాలుగో రోజుకి తగ్గింది. నెల తర్వాత మామూలు మనిషిని. ఇప్పుడు కూడా చలికాలం, వాన మబ్బు పట్టినప్పుడు ఆ పక్క కొంచెం పట్టేసినట్టు ఉంటుంది, అంతే. సైకిల్ తొక్కుతా, కొబ్బరికాయల వ్యాపారం, బస్తాలు కూడా ఎత్తుతా.

కానీ నాకు 2021లో ఒక పెద్ద కథ జరిగింది, అది సాయంత్రం తీరిగ్గా రాస్తా. మీరు సంతకం పెట్టే ముందు అది చదవాలి. భయపెట్టడానికి కాదు.

ఆరోగ్య_మార్గం
ఈ కోతలు పౌడర్లు అన్నీ వ్యాపారం. రోజూ ఉదయం అరగంట కపాలభాతి చేయించండి, 40 రోజుల్లో ఊపిరితిత్తులు ఉక్కులా అవుతాయి.

లంక_గాలి
@ఆరోగ్య_మార్గం బాబూ, పంక్చర్ పడ్డ ట్యూబుకి ఇంకా గట్టిగా గాలి కొట్టమంటున్నావ్.

పల్మో_పీజీ
ఛాతీ వైద్యంలో పీజీ చేస్తున్నాను, డ్యూటీ మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే క్షమించాలి. ముందు కపాలభాతి సంగతి, గొట్టం తీసిన కొత్తల్లో అలా బలంగా ఊపిరి కొట్టే సాధనలు సొంతంగా మొదలుపెట్టొద్దు, డాక్టర్ని అడిగాకే.

ఇప్పుడు అసలు విషయం. ఊపిరితిత్తి మీద ఒక పల్చటి పొర, పక్కటెముకల లోపలివైపు ఇంకో పొర, ఈ రెంటి మధ్య సందులోకి గాలి చేరితేనే ఊపిరితిత్తి ముడుచుకుంటుంది. టాల్క్ పడితే ఆ రెండు పొరలూ రేగి వాచి, మానేటప్పుడు ఒకదానికొకటి అతుక్కుంటాయి. సందే లేకపోతే గాలికి చోటెక్కడ? జ్వరం, నొప్పి వచ్చేది కూడా అందుకే, అది మందు పనిచేస్తోందన్న గుర్తు, చాలామందికి మొదటి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది.

ఇది కొత్త ప్రయోగం అనుకుంటున్నారేమో, కాదు. 1935లో నార్మన్ బెథూన్ అనే కెనడా సర్జన్ మొదట రాశాడు. ఆయనకే టీబీ వచ్చి, వైద్యం కోసం ఊపిరితిత్తిని కావాలనే గాలి ఎక్కించి ముడుచుకునేలా చేయించుకున్న మనిషి ఆయన. తర్వాత చైనా వెళ్లి యుద్ధంలో గాయపడ్డ సైనికులకి ఆపరేషన్లు చేస్తూ వేలికి గాయమై, చీము పట్టి చనిపోయాడు. మా తాత పాత కామ్రేడ్, బెథూన్ పేరు చెబితే ఇప్పటికీ కుర్చీలోంచి లేస్తాడు, ఈ పౌడర్ సంగతి చెప్తే మాత్రం నమ్మలేదు.

క్యాన్సర్ భయం గురించి సూటిగా చెప్తా. బేబీ పౌడర్ గొడవకి మూలం గనుల్లో టాల్క్, ఆస్‌బెస్టాస్ పక్కపక్కనే దొరకడం, ఒకదాంట్లో ఒకటి కలిసే అవకాశం ఉండటం. ఆస్‌బెస్టాస్ ఛాతీ పొరకి మీసోథీలియోమా అనే క్యాన్సర్ తెస్తుంది, అది నిజం. వైద్యానికి వాడాల్సింది ఆస్‌బెస్టాస్ లేదని పరీక్ష చేసి శుభ్రపరిచిన టాల్క్. బ్రిటన్‌లో 1979లో ఒక పరిశీలన వచ్చింది, టాల్క్ గానీ కయోలిన్ అనే తెల్ల బంకమట్టి పొడి గానీ వేయించుకున్న 210 మందిని 14 నుంచి 40 ఏళ్ల తర్వాత వెతికి చూస్తే ఒక్కరికి కూడా మీసోథీలియోమా లేదు. 1988లో డెన్మార్క్ వాళ్లు 22 నుంచి 35 ఏళ్ల తర్వాత పిలిచి చూశారు, అక్కడా లేదు. ఊపిరితిత్తి కెపాసిటీ మాత్రం గొట్టం ఒక్కటే వేసినవాళ్లకంటే కొద్దిగా తక్కువ ఉంది, ఉండాల్సినదాంట్లో 90 శాతం దరిదాపుల్లో. మెట్లెక్కేటప్పుడు మనిషికి తెలిసేంత తేడా కాదు.

కాకినాడ_కాజా
చాలా థాంక్స్ అండి. కానీ 2024లో డబ్ల్యూహెచ్ఓ వాళ్ల క్యాన్సర్ సంస్థ టాల్క్‌ని ఏదో లిస్టులో పైకి జరిపిందని చదివాను, అదేంటి మరి?

పల్మో_పీజీ
అవును, 2ఏ గ్రూపులో పెట్టారు, అంటే ‘బహుశా కారకం’. ఆ నిర్ణయం ఎక్కువగా ఆడవాళ్లు జననాంగాల దగ్గర ఏళ్ల తరబడి వాడిన పౌడర్, అండాశయ క్యాన్సర్ లెక్కల మీద, జంతువుల పరీక్షల మీద, కణాల స్థాయి ప్రయోగాల మీద ఆధారపడింది. ఊపిరితిత్తి చుట్టూ ఒకసారి చల్లినవాళ్ల లెక్కలు చూసి కాదు. భయం ఉండటం సహజం, కాకపోతే నన్నడిగితే మీరు భయపడాల్సిన చోట భయపడట్లేదు. టాల్క్‌తో అసలు ప్రమాదం నలభై ఏళ్ల తర్వాత కాదు, మొదటి వారంలో. రేణువులు మరీ సన్నగా ఉంటే రక్తంలోకి పాకి, రెండో ఊపిరితిత్తి కూడా వాచి, ఆక్సిజన్ పడిపోయి ఐసీయూ దాకా వెళ్లిన కేసులు ఉన్నాయి, ముఖ్యంగా అమెరికా నుంచి. దీని మీద 2000లో ఒకే పత్రికలో రిచర్డ్ లైట్ ‘టాల్క్ వాడకూడదు’ అని, స్టీవెన్ సాన్ ‘వాడాలి’ అని ఎదురెదురుగా రాశారు. మా డిపార్ట్‌మెంట్లో పీజీలకి ఇప్పటికీ ఇష్టమైన గొడవ ఇది.

తర్వాత యూరప్‌లో పెద్ద రేణువుల టాల్క్, గ్రేడెడ్ అంటాం, దాంతో 558 మంది మీద చూసి 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు, ఆ ఊపిరితిత్తుల వాపు ఒక్కరికీ రాలేదు. వాళ్లు క్యాన్సర్ వల్ల నీరు చేరిన రోగులు, మీ తమ్ముడిలాంటి కుర్రాళ్లు కాదు. కుర్రాళ్లలో కూడా 2011లో 418 మంది మీద చూశారు, అక్కడా రాలేదు. కాబట్టి మీరు సర్జన్‌ని అడగాల్సిన మొదటి మాట, ‘సార్, ఏ టాల్క్? గ్రేడెడ్ స్టెరైలా, లేక మామూలుది ఆటోక్లేవ్ (వేడి ఆవిరితో క్రిములు చంపడం) చేసిందా?’ అని. అడిగితే కోపం తెచ్చుకునే సర్జన్ అయితే అది కూడా మీకు ఒక సమాచారమే.

ఓరుగల్లు_బిడ్డ
మా బాపు ముచ్చట చెప్త. టీబీ తగ్గినంక నాలుగేండ్లకు కుడి దిక్కు గాలి నిండింది, పైపు ఏసిర్రు, ఇరవై రోజులైనా బుడగలు బందు కాలె. ఆపరేషన్‌కు మనిషి తట్టుకోడు అన్నరు, అప్పటికి అరవై దాటె. టాల్క్ లేదంట, బెటాడిన్ మందే నీళ్లల్ల కలిపి పైపుల నుంచి ఎక్కించిర్రు. గా రాత్రి బాపు పడ్డ బాధ నేను చెప్పలేను, ముందుగాల నొప్పి సూది సరిగ ఇయ్యలె, గదొక్కటే నాకు కోపం. రెండుసార్లు చేసినంక గాలి ఆగింది. ఆరేండ్లు అయితుంది, మల్ల రాలె, పొద్దుగాల చేను కాడికి పోతడు, దమ్ము అయితే వస్తది, అది టీబీదేనంట. నేను చెప్పేది ఒకటే, పౌడరైనా బెటాడినైనా, నొప్పి సంగతి ముందుగాలనే మాట్లాడుకో తమ్మీ.

పల్మో_పీజీ
@ఓరుగల్లు_బిడ్డ అన్నా, మన దేశంలో ఇదే ఎక్కువ, టీబీ, సిగరెట్ జబ్బు వల్ల వచ్చేవి. అసలే పాడైన ఊపిరితిత్తి కాబట్టి ప్రమాదం వేరు, ఒక్కోసారి ప్రాణం మీదికొస్తుంది. బెటాడిన్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది, బాగానే పనిచేస్తుంది. నొప్పి విషయంలో మీ కోపం న్యాయమే. ఒకప్పుడు బ్రూఫెన్ లాంటివి ఇస్తే వాపు తగ్గిపోయి సరిగా అతుక్కోదేమో అని జంకేవాళ్లు, 2015లో వచ్చిన ట్రయల్‌లో క్యాన్సర్ నీరు రోగుల్లో చూస్తే అతుక్కోవడం ఏమీ తగ్గలేదు. పళ్లు బిగబట్టి ఓర్చుకోవాల్సిన పనిలేదు.

కడప_కారం
అందరూ బాగైనోళ్లే రాస్తాండారు, బాగుకానోళ్ల మాట కూడా ఒకటి ఉండాల కదా సామీ. మా బామ్మర్దికి ఇదే ఆపరేషన్, ఇదే పౌడరు చేసినారు. ఏడాదిన్నరకి మళ్లా అదే పక్క కొంచెం ముడుచుకునె. స్కాన్ తీస్తే పైభాగం అతుక్కోలేదంట, కింద బాగా అతుక్కొనిందంట, ఇప్పుడు రెండోసారి లోపలికి పోవాలంటే ఆ అతుకులన్నీ విడదీయాల, రక్తం పోతాది అని డాక్టర్లే వెనకాడినారు. చివరికి గొట్టంతోనే సరిపోయింది లే. ఇంగ నిజం చెప్పాలంటే ఆయప్ప ఆపరేషనైన మూడో వారమే బాత్రూంలో సిగరెట్ కాలుస్తా దొరికినాడు. మా అక్క చీపురుకట్ట తిరగేసింది.

పల్మో_పీజీ
మంచి మాట రాశారు. నూటికి నూరు అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. అసలు ఏమీ చేయకుండా గొట్టం ఒక్కటే వేసి వదిలేస్తే మొదటిసారి తర్వాత సుమారు ముగ్గురిలో ఒకరికి మళ్లీ వస్తుంది, అదీ ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. 2002లో వచ్చిన ట్రయల్‌లో టాల్క్ వేసినవాళ్లలో ఐదేళ్లలో 5 శాతం, గొట్టం మాత్రమే వేసినవాళ్లలో 34 శాతం. ఇటలీలో 861 మందికి కీహోల్‌లో టాల్క్ చల్లితే మళ్లీ వచ్చింది 1.73 శాతం, అయితే అది బాగా చేయి తిరిగిన చోటు లెక్క, మీ ఊరి లెక్క వేరుగా ఉండొచ్చు. మీ సర్జన్ ఇలాంటివి ఎన్ని చేశారో అడగండి.

సిగరెట్ గురించి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తా. మగవాళ్లలో జీవితం మొత్తంలో ఇది వచ్చే అవకాశం తాగనివాళ్లకి వెయ్యిలో ఒకరికి, బాగా తాగేవాళ్లకి నూటికి పన్నెండు మంది దాకా. గంజాయి కూడా ఊపిరితిత్తికి చెడ్డదే, కాలేజీ కుర్రాళ్లు అది లెక్కలోకి రాదనుకుంటారు. కాజా గారూ, మీ తమ్ముణ్ణి మీరు కాకుండా వాడి ఫ్రెండ్‌తో అడిగించండి.

అట్లాంటా_అత్తయ్య
మా అబ్బాయికి 19 ఏళ్లప్పుడు అయింది అమ్మా. ఇక్కడి సర్జన్ టాల్క్ ససేమిరా అన్నాడు, ఇంత చిన్నవాడికి జీవితాంతం ఉండిపోయే ఖనిజం ఎందుకు, బుడిపెలు కత్తిరించి, లోపలి పొరని గరుకు గుడ్డతో రుద్ది వదిలేస్తే అదే అతుక్కుంటుంది అన్నాడు. అదే చేశారు. నాలుగేళ్లయింది, చక్కగా ఉన్నాడు, ఫుట్‌బాల్ కూడా ఆడుతున్నాడు. కాబట్టి కుర్రాళ్లకి టాల్క్ లేకుండా కూడా అవుతుందని తెలిసి ఉండాలి, ఆ పిల్లాడికి ఆ మాట ఎవరూ చెప్పినట్టు లేదు.

పల్మో_పీజీ
నిజమే ఆంటీ, ఇది దేశాన్ని బట్టి, సర్జన్‌ని బట్టి మారుతుంది. యూరప్‌లో చాలామంది సర్జన్లు కుర్రాళ్లకి కూడా టాల్క్ చల్లుతారు, మీ దగ్గర చాలామంది చల్లరు. పొర రుద్దడం, లేదా పొరనే ఒలిచేయడం, రెండూ మంచివే. ఛాతీ పెద్దగా తెరిచి ఒలిస్తే మళ్లీ వచ్చేది 1 శాతం దగ్గర, కీహోల్‌లో అయితే 5 దాకా, కానీ పెద్ద కోతకి నొప్పి ఎక్కువ, కోలుకోవడానికి టైం పడుతుంది. నా సొంత అభిప్రాయం అడిగితే 22 ఏళ్లవాడికి రుద్దడం ఒక్కటే సరిపోతుందా అని సర్జన్‌ని తప్పకుండా అడగమంటా, ఆయన కాదంటే ఎందుకో చెప్పమంటా. మా ప్రొఫెసర్ ఈ మాటకి ఒప్పుకోరు, ఆయన టాల్క్ మనిషి.

లంక_గాలి
సాయంత్రం అన్నాను, రెండు రోజులు పట్టింది, సారీ. ఇదిగో నా కథ.

2021లో కోవిడ్ వచ్చి తగ్గాక దగ్గు పోకపోతే సీటీ తీశారు. రిపోర్ట్‌లో కుడివైపు పొర మీద గట్టి గడ్డలు, క్యాన్సర్ కాదని చెప్పలేం అని రాశారు. పెట్ స్కాన్‌కి పంపారు. అందులో ఆ గడ్డలు దీపావళి దీపాల్లా వెలిగాయి. నేను 2003 ఆపరేషన్ సంగతి చెప్పాను, కానీ ‘పౌడర్ ఏదో వేశారు సార్’ అన్నాను, అంతకంటే నాకు తెలీదు. డిశ్చార్జి కాగితం చూపించమన్నారు. ఎక్కడిది? 2006 ఆగస్టు గోదారి వరదలో మా ఇంట్లో నడుంలోతు నీళ్లు, ట్రంకు పెట్టె మొత్తం ముద్దయిపోయింది. మిగిలింది అటక మీదున్న ఒక్క ఎక్స్‌రే ఫిల్ము, అది కూడా 2010 సంక్రాంతి పండగల్లో సూర్యగ్రహణం వస్తే మా అన్న పిల్లలు దాన్ని ముక్కలు చేసి కళ్లకి అడ్డం పెట్టుకుని ఆకాశం చూశారు.

సూది వేసి ముక్క తీసి పరీక్షకి పంపారు. రిజల్ట్ వచ్చేదాకా రెండు వారాలు. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది, మాట్లాడితే ఏడుపొస్తుందని. నేను పొలం కాగితాలు పెద్దోడి పేర రాయించడానికి రిజిస్ట్రార్ ఆఫీస్‌కి కూడా వెళ్లొచ్చాను. చివరికి వచ్చింది ఏంటంటే, టాల్క్. 18 ఏళ్ల కిందట వేసిన పౌడరే గడ్డకట్టి, చుట్టూ ఒళ్లు ఇంకా మంట పెడుతూనే ఉంది, పెట్ స్కాన్‌కి మంటకీ క్యాన్సర్‌కీ తేడా తెలీదు.

కాబట్టి కాజా, చేయించు, నేనైతే మళ్లీ చేయించుకుంటా. కానీ ఆ డిశ్చార్జి సమ్మరీ ఫొటో తీసి నీ ఫోన్లో, వాడి ఫోన్లో, మెయిల్లో మూడు చోట్ల పెట్టు. వాడికి నలభై ఏళ్లొచ్చి ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా మొదటి మాట ‘నా ఎడమ ఛాతీలో టాల్క్ ఉంది’ అని చెప్పాలి. పర్సులో చిన్న కాగితం రాసి పెట్టినా సరే.

పల్మో_పీజీ
ఇది నేను రాసినవన్నిటికంటే పనికొచ్చే పోస్ట్. దీన్ని టాల్కోమా అంటాం, ఏళ్ల తర్వాత కూడా పెట్‌లో వెలుగుతుంది. ఇంకొకటి, ముందు ముందు అదే వైపు ఛాతీ తెరవాల్సి వస్తే, ఏ ఆపరేషన్ అయినా, అతుకుల వల్ల రక్తస్రావం ఎక్కువ. ఊపిరితిత్తి మార్పిడికి కూడా అంతే, కుదరదని కాదు, కష్టమవుతుంది.

మల్లెపందిరి
ఇది మీ తమ్ముడికి సంబంధం లేదు గానీ చదివే ఆడవాళ్ల కోసం రాస్తున్నా. నాకు కుడివైపు మూడుసార్లు వచ్చింది, పౌడర్ కూడా వేశారు, మళ్లీ వచ్చింది. మూడు సార్లూ నెలసరి మొదలైన రెండు మూడు రోజుల్లోనే అని క్యాలెండర్ చూసి కనిపెట్టింది నేనే, అంతకుముందు ఎవరూ అడగలేదు. ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం, అది పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే పొర మీద ఉందంట. అది తీసి, హార్మోన్ మందు మొదలుపెట్టాక ఆగింది. కుడివైపు, ముప్పైల్లో, నెలసరి టైంలో అయితే ఆ మాట మీరే ఎత్తండి, సిగ్గుపడొద్దు.

అట్లాంటా_అత్తయ్య
విమానం సంగతి కూడా చెప్పండి డాక్టర్ బాబూ, మావాణ్ణి ఎక్స్‌రే క్లియర్ అయ్యాక కూడా వారం ఆపారు.

పల్మో_పీజీ
అదే పద్ధతి ఆంటీ. ఎక్స్‌రేలో గాలి పూర్తిగా పోయిందని తేలాక ఇంకో ఏడు రోజులు. ఆ తర్వాత విమానం పదిసార్లు ఎక్కినా ఫర్వాలేదు, స్కూబా డైవింగ్ మాత్రం వద్దు, అది జన్మలో వద్దు. రెండు వైపులా పొర ఒలిచే ఆపరేషన్ అయి, ఊపిరి పరీక్షలు, సీటీ బాగుంటే తప్ప.

కాకినాడ_కాజా
స్కూబా చదివి వాడి మొహం చూడాలి, డిసెంబర్లో అండమాన్ టికెట్లు బుక్ చేసుకున్నారు ఫ్రెండ్సంతా. ఖర్చు గురించి కూడా ఎవరైనా చెప్పగలరా, మా ఎస్టిమేట్ చూస్తే పౌడర్‌కి అంత డబ్బా అనిపించింది.

పల్మో_పీజీ
పౌడర్‌కి కాదు, బుడిపెలు కోసి కుట్టే స్టేప్లర్లకి. ఎన్ని వాడితే అంత. ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం కార్డుంటే ఆస్పత్రిలో ఆ పథకం డెస్క్ దగ్గర ఏది వర్తిస్తుందో ముందే రాయించుకోండి.

కాకినాడ_కాజా
అప్‌డేట్ అండి, పదకొండు రోజుల తర్వాత. సర్జన్‌ని ఏ టాల్క్ అని అడిగాను, ఆయన నవ్వి ‘ఎవరు చెప్పారు నీకు’ అని, ప్యాకెట్ తెప్పించి చూపించారు, గ్రేడెడే. రుద్దడం ఒక్కటే సరిపోదా అని కూడా అడిగాను. రెండో వైపు కూడా చిన్న బుడిపెలున్నాయి, వీడు రెండోసారికే ఇంత త్వరగా వచ్చాడు, కాబట్టి రుద్ది, పైన తక్కువ మోతాదులో టాల్క్ కూడా చల్లుతా అన్నారు. ఆలోచించి సంతకం పెట్టేశాను. చెయ్యి వణికింది, ఒప్పుకుంటున్నా.

మొదటి రాత్రి లంక గారు చెప్పినట్టే 102 జ్వరం, అమ్మ కంగారుపడితే నేను పెద్ద డాక్టర్‌లా ‘అది పౌడర్ జ్వరం, మంచిదే’ అన్నాను. నొప్పికి వీపులో సన్న గొట్టం పెట్టి మందు ఎక్కించారు, ఓరుగల్లు అన్నకి థాంక్స్, ముందే అడిగి పెట్టించాను. నాలుగో రోజు గొట్టం తీశారు. ఇప్పుడు ఆ ఊపిరి పీల్చి మూడు బంతులు పైకి లేపే బొమ్మతో రోజంతా ఆడుతున్నాడు, మూడోది ఇంకా లేవట్లేదు. సిగరెట్ సంగతి ఫ్రెండ్‌తో అడిగించాను, మీరు చెప్పింది కరెక్టే, అది వేరే గొడవ.

సమ్మరీ మూడు చోట్ల పెట్టాను. అమ్మ మాత్రం ఫోన్లని నమ్మదు, అసలు కాగితం, ఎక్స్‌రే కలిపి ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో తన పట్టుచీరల కింద పెట్టింది.

లంక_గాలి
మంచి చోటు. గ్రహణం వస్తే పిల్లలు అడుగుతారు, ఇవ్వొద్దని చెప్పు అమ్మకి.